18 అడుగుల జెట్ బోటుకు ఎంత ఇంజను పెట్టాలి? 5.7 లీటర్లా, 7.4 లీటర్లా?

సాగర్‌గట్టు (పెద్దవూర) – శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు ఇంట్లో గొడవ దాకా వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మేం ముగ్గురు స్నేహితులం కలిసి 18 అడుగుల ఫైబర్ బోటు బాడీ ఒకటి కాకినాడ వైపు పోయించాం. ఖాళీ బాడీ బరువు 450 కిలోల దగ్గర ఉంటుంది. అరిజోనాలో ఉన్న మా మేనబావ పాత బర్కిలీ జెట్ పంపు ఒకటి (12జేసీ) విడిభాగాలుగా పంపించాడు. పంపు బిగించాం, బాగానే కూర్చుంది. ఇంజను దగ్గర ఆగిపోయాం.

చేతికి అందుతున్నవి రెండు. ఒకటి బోట్ల కోసమే కట్టిన పాత 5.7 లీటర్ల వీ8, కార్బురేటర్‌ది, 260 హెచ్‌పీ అంటున్నారు. రెండోది 7.4 లీటర్లది, 320 హెచ్‌పీ దాకా ఉంటుందట. రెండోదానికి రెండున్నర లక్షలు ఎక్కువ చెబుతున్నాడు, బరువు కూడా ఓ 50 కిలోలు ఎక్కువ. ముగ్గురిలో ఇద్దరం 7.4 అంటున్నాం. మూడోవాడే డబ్బు పెట్టేవాడు, వాడు 5.7 అంటున్నాడు.

సాగర్ బ్యాక్‌వాటర్‌లో తిప్పాలని ఆశ. అనుమతుల పని వేరుగా నడుస్తోంది, దాని గురించి అడగడం లేదు. మంచి స్పీడు కావాలి. మీరైతే ఏది తీసుకుంటారు?

బిగ్‌బ్లాక్_బాబు (మిర్యాలగూడ) – శనివారం రాత్రి 9:20

7.4. ఇందులో ఆలోచించేది ఏముంది? సీసీ ఎక్కువుంటే టార్క్ (తిప్పే బలం) ఎక్కువ, టార్క్ ఉంటేనే బోటు నీళ్ల మీదికి లేస్తుంది. చిన్న ఇంజను పెట్టి తర్వాత ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను. డబ్బులున్నోడిని ఒప్పించు తమ్మీ.

దేవరకొండ_డీజిల్ (దేవరకొండ) – శనివారం రాత్రి 9:47

పెట్రోలు ఇంజను ఎందుకు అసలు? లారీది ఆరు సిలిండర్ల డీజిల్ తీసుకో. 150 హెచ్‌పీ అయినా టార్క్ దున్నపోతులా ఉంటుంది. స్పేర్లు దేవరకొండలో దొరుకుతాయి, మెకానిక్ ఇంటికొస్తాడు. ఆ 7.4కు ఒక గ్యాస్కెట్ పోతే ఎక్కడ తెస్తావు?

సాగర్‌గట్టు – శనివారం రాత్రి 9:55

అన్నా, స్పేర్ల మాట నిజమే. కానీ 150 హెచ్‌పీతో స్పీడు వస్తుందా?

పాలమూరు_పంపులు (జడ్చర్ల) – శనివారం రాత్రి 11:30

షాపు మూసి వచ్చేసరికి ఆలస్యమైంది. నేను బోటు ఎక్కింది రెండుసార్లు, అదీ నాగార్జునకొండ లాంచీ. కానీ 22 ఏళ్లుగా పంపులు విప్పుతున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి.

మీరంతా ఇంజను గురించి మాట్లాడుతున్నారు. జెట్ బోటు అంటే ఏంది? ఒక పంపు. కింద నుంచి నీళ్లు పీల్చి వెనక నాజిల్ నుంచి కొడుతుంది, అంతే. మన పొలంలో మోనోబ్లాక్ పంపు చేసే పనే, కాకపోతే దీనికి ఫౌండేషన్ లేదు కాబట్టి పంపే ముందుకు ఉరుకుతుంది. మోటారు కొనేటప్పుడు ఏం అడుగుతాం? పంపుకు ఎంత హెచ్‌పీ కావాలి అని. పంపు 5 హెచ్‌పీ తినేదైతే 10 హెచ్‌పీ మోటారు పెట్టినా నీళ్లు రెట్టింపు రావు. అది 5 హెచ్‌పీయే తింటుంది.

సోలార్ పంపు పెట్టుకున్న రైతులను అడగండి. పొద్దున ఎండ పలచగా ఉన్నప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులో నీళ్లు రావు. సగం స్పీడులో తిరిగే పంపు సగం కరెంటు తినదు, ఎనిమిదో వంతే తింటుంది. పని కూడా అలాగే చేస్తుంది. పంపు స్పీడుకు హెచ్‌పీకి ఉన్న లెక్క ఇది, ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) బోరులో ఉన్నా బోటులో ఉన్నా ఒకటే.

ఇంకో సంగతి. నీ పంపు మీద బర్కిలీ అని ఉంది కదా, ఆ కంపెనీ కాలిఫోర్నియాలో వ్యవసాయ పంపులు చేసి పెరిగిందే. జకూజీ అన్నదమ్ములు కూడా బాత్‌టబ్బుల కంటే ముందు బావి పంపులు చేశారు, తర్వాత బోట్లకు జెట్లు కూడా చేశారు. బోటు జెట్ మన జాతిదే అన్నమాట.

కాబట్టి ముందు నాకు చెప్పాల్సింది ఇది: నీ పంపులో ఏ ఇంపెల్లర్ ఉంది? అది ఎన్ని ఆర్‌పీఎంల (నిమిషానికి చుట్ల) దగ్గర ఎంత తింటుంది? ఇంజను తర్వాత.

బిగ్‌బ్లాక్_బాబు – శనివారం రాత్రి 11:41

బోరు పంపుకూ రేసింగ్ బోటుకూ పోలికా అన్నా 😀

పాలమూరు_పంపులు – శనివారం రాత్రి 11:44

నవ్వు. రేపు నీ ఇంటి బోరు పోతే ఫోన్ చేస్తావు.

సాగర్‌గట్టు – ఆదివారం ఉదయం 7:05

బావను అడిగాను. ఇంపెల్లర్ మీద ఉన్న అక్షరం చూసి, దాన్ని ఇంతకుముందు కొంచెం కోత కోశారని చెప్పాడు. తన దగ్గరున్న చార్టు ప్రకారం 4500 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 300 హెచ్‌పీ తింటుందట. తను కూడా ఇక్కడ చేరతానన్నాడు.

లెక్కల_సార్ (నల్లగొండ) – ఆదివారం ఉదయం 8:30

ఇది చాలు. మిగతాది కాగితం మీద తేలిపోతుంది.

ఈ పంపులో గేర్లు లేవు. ఇంజను క్రాంక్ ఎంత తిరిగితే ఇంపెల్లర్ అంతే తిరుగుతుంది. పంపు తినే హెచ్‌పీ ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 4500 దగ్గర 300 అనుకుంటే, 4000 దగ్గర 211 చాలు. 3000 దగ్గర 89 మాత్రమే. అదే 5000కు పోవాలంటే 411 కావాలి, 5500కు 548.

పైకి పోయేకొద్దీ గోడలా నిలబడుతుంది, చూశారా? 4500 నుంచి 5500కు, అంటే వెయ్యి చుట్లు పెంచడానికి, దాదాపు 250 హెచ్‌పీ అదనంగా కావాలి. ఇంజను శక్తి రెట్టింపు చేసినా ఆర్‌పీఎం పెరిగేది 26 శాతమే.

ఇక మీ రెండు ఇంజన్లు. 260 హెచ్‌పీది ఈ పంపును సుమారు 4290 దాకా తిప్పుతుంది. 320 హెచ్‌పీది 4600 దాకా. తేడా 300 ఆర్‌పీఎం.

దేవరకొండ అన్న చెప్పిన డీజిల్ కూడా చూద్దాం. లారీ ఇంజను గవర్నర్ (స్పీడు హద్దు దాటనివ్వని భాగం) 2500 దగ్గర ఆపేస్తుంది అనుకుందాం. ఆ స్పీడులో ఈ ఇంపెల్లర్ తినేది 51 హెచ్‌పీ. ఇంజనులో 150 ఉన్నా మిగతా 99 ఎటూ పోలేక కూర్చుంటాయి. మధ్యలో స్పీడు పెంచే గేరుబాక్స్ పెట్టాలి, లేదా నెమ్మదిగా తిరిగే పెద్ద పంపు కావాలి. కోస్ట్ గార్డ్ ఇంటర్‌సెప్టర్ బోట్లు కూడా డీజిల్ మీద, వాటర్ జెట్ మీదే నడుస్తాయి కాబట్టి డీజిల్ పనికిరాదని కాదు. ఈ పంపుకు పనికిరాదు.

దేవరకొండ_డీజిల్ – ఆదివారం ఉదయం 8:52

లెక్క అర్థమైంది సార్. 51 చూసి నాకే సిగ్గేసింది. అయినా స్పేర్ల మాట వెనక్కి తీసుకోను.

బిగ్‌బ్లాక్_బాబు – ఆదివారం ఉదయం 9:15

సార్, కాగితం మీద అంతా బాగుంటుంది. కానీ బోటు ముక్కు పైకెత్తి నీళ్ల మీదికి లేవాలంటే కింద ఆర్‌పీఎంలో టార్క్ కావాలి కదా? బుల్లెట్ మీద ఇద్దరు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కినట్టు. చిన్న ఇంజను అక్కడ మూలుగుతుంది.

లెక్కల_సార్ – ఆదివారం ఉదయం 10:02

బాబూ, బుల్లెట్‌కు చక్రం రోడ్డును పట్టుకుంటుంది. రోడ్డు ఎత్తయితే ఇంజను మీద బరువు పడి ఆర్‌పీఎం పడిపోతుంది. అక్కడ టార్క్ కావాలి, నిజమే. ప్రొపెల్లర్ బోటులో కూడా కొంతవరకు అలాగే.

జెట్‌లో అలా కాదు. బోటును గట్టుకు తాడుతో కట్టేసి నిండు త్రాటిల్ (యాక్సిలరేటర్) ఇచ్చినా, నీళ్ల మీద పరిగెత్తిస్తూ ఇచ్చినా, టాకోమీటరు (ఆర్‌పీఎం మీటరు) దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. పంపుకు బయట ఏం జరుగుతుందో పెద్దగా పట్టదు, దాని లోపల నీళ్లను తిప్పడమే దాని పని. పైన చెప్పానే, 3000 దగ్గర అది అడిగేది 89 హెచ్‌పీ. ఆ స్పీడులో 5.7 ఇంజను 150 పైనే ఇవ్వగలదు. కాబట్టి రెండు ఇంజన్లూ అక్కడ ఆగకుండా దాటిపోతాయి. గ్రాఫ్ గీస్తే ఇంజను గీత, పంపు గీత ఎక్కడ కలుస్తాయో ఆ ఒక్క బిందువే మనకు ముఖ్యం.

ఎడారి_బావ (సొంతూరు సూర్యాపేట, ఇప్పుడు అరిజోనా) – ఆదివారం ఉదయం 11:20

అందరికీ నమస్కారం. పంపు పంపిన పాపాత్ముణ్ని నేనే.

సార్ చెప్పింది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి జెట్ బోటులో 5.7 ఉండేది. స్పీడు చాలడం లేదని ఇంజనుకు పెద్ద కామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేయించాను, హెడ్లు మార్పించాను, 410 హెచ్‌పీ అని డైనో (ఇంజను శక్తి కొలిచే యంత్రం) కాగితం ఇచ్చారు. సంబరంగా లేక్ హవాసుకు తీసుకుపోయాను. బోటు నేననుకున్నదాంట్లో సగం కూడా మారలేదు.

ఎందుకంటే ఆ 410 వచ్చేది 6200 ఆర్‌పీఎం దగ్గర. నా పంపు కూడా మీ పంపులాంటిదే. దాన్ని 5000 తిప్పాలంటేనే 411 కావాలి. నా ఇంజను 5000 దగ్గర 350 కూడా కష్టంగా ఇస్తోంది. చివరికి 4600, 4700 మధ్య ఎక్కడో కూర్చుంది. 6200 అనేది ఆ బోటు జన్మలో చూడదు. పైగా పెద్ద కామ్ వల్ల ఐడిల్‌లో (త్రాటిల్ ఇవ్వకుండా ఊరికే తిరిగేటప్పుడు) దడదడలాడేది. ర్యాంపు దగ్గర జనం తలలు తిప్పి చూసేవారు, అదొక్కటే లాభం.

అందుకే బాబు మాటలో కూడా నిజం ఉంది, కాకపోతే ఆయన చెప్పిన కారణం వల్ల కాదు. ఇక్కడ పాత జెట్ బోట్లలో ఓల్డ్స్‌మొబైల్ 455, ఫోర్డ్ 460, షెవీ 454 (అంకెలు క్యూబిక్ అంగుళాలు, 454 అంటే 7.4 లీటర్లే) లాంటి పెద్ద ఇంజన్లు ఎందుకు కనిపిస్తాయి? అవి 4500, 5000 మధ్యలో, అంటే పంపు తిరిగే చోటే, ఆయాసం లేకుండా శక్తినిస్తాయి. చిన్న ఇంజను కూడా అంత శక్తి ఇవ్వగలదు, కానీ వేరే ఆర్‌పీఎంలో. పంపు అక్కడికి రానివ్వదు.

చిన్న ఇంజనే ఉంటే దారి లేకపోలేదు. బర్కిలీ ఇంపెల్లర్లు అక్షరాల సైజుల్లో వస్తాయి. ఏ పెద్దది, బీ, సీ చిన్నవి. చిన్నది వేస్తే, లేదా ఉన్నదాన్ని లేత్ మీద కోస్తే, పంపు తక్కువ తింటుంది, ఇంజను ఎక్కువ తిరుగుతుంది. గేరు మార్చినట్టే. అయితే కోసిన ఇంపెల్లర్‌ను మళ్లీ అతికించలేం, అది గుర్తుంచుకోవాలి.

పాలమూరు_పంపులు – ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇంపెల్లర్ ట్రిమ్మింగ్ మాకు రోజూ చేసే పని. హెడ్డు (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు) తక్కువ ఉన్న బావికి పెద్ద పంపు తెచ్చిపెడితే ఆంప్స్ ఎక్కువ లాగి మోటారు కాలిపోతుంది. అప్పుడు రెండు మిల్లీమీటర్లు కోసి ఇస్తాం. కోసిన తర్వాత బ్యాలెన్స్ చూడాలి, లేకపోతే బేరింగు పోతుంది. 4500 ఆర్‌పీఎం అంటే మా మోటార్ల కంటే ఎక్కువ స్పీడు, జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

సాగర్‌గట్టు – ఆదివారం మధ్యాహ్నం 1:30

చదివితే తల తిరుగుతోంది కానీ మంచిగ అర్థమవుతోంది. సూటిగా అడుగుతాను సార్: 260 నుంచి 320కు పోతే స్పీడోమీటరులో ఎంత తేడా?

లెక్కల_సార్ – ఆదివారం మధ్యాహ్నం 3:15

భోజనం చేసి కూర్చున్నాను.

నీళ్ల మీద తేలి పరిగెత్తే బోటుకు స్పీడు, హెచ్‌పీని బరువుతో భాగిస్తే వచ్చేదాని వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పడవలు కట్టేవాళ్లు క్రౌచ్ సూత్రం అంటారు. ప్రొపెల్లర్ బోట్ల కోసం పుట్టిన లెక్క అయినా పోల్చి చూడటానికి సరిపోతుంది.

బాడీ, పంపు, ఇంజను, పెట్రోలు, ముగ్గురు మనుషులు, మిగతా సామాను అంతా కలిపి 5.7తో 1200 కిలోలు అనుకుందాం. 7.4తో 1250. మొదటిదానికి గంటకు 75 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. రెండోదానికి 81, 82.

ఆ ఆరేడు కిలోమీటర్ల కోసం రెండున్నర లక్షలు ఇవ్వాలా అనేది మీ ముగ్గురి మధ్య పంచాయితీ. అందులో నేను వేలు పెట్టను. కానీ మీ స్నేహితుల్లో ఒకరు లోపల కూర్చోకుండా గట్టు మీద నిలబడితే స్పీడు ఎంత పెరుగుతుందో కూడా లెక్క వేసుకోండి.

పెట్రోలు సంగతి కూడా. ఇలాంటి ఇంజను నిండు త్రాటిల్‌లో ఒక్కో హెచ్‌పీకి గంటకు పావు కిలో కంటే కొంచెం తక్కువ పెట్రోలు తాగుతుంది. 260కి గంటకు 80 లీటర్లు. 320కి 95 దాటుతుంది. లీటరు నూటికి పైనే కదా.

బిగ్‌బ్లాక్_బాబు – ఆదివారం మధ్యాహ్నం 3:22

గంటకు పది వేలా!!

దేవరకొండ_డీజిల్ – ఆదివారం మధ్యాహ్నం 3:25

డీజిల్ అన్నానా లేదా.

ఎడారి_బావ – ఆదివారం సాయంత్రం 5:40

ఇక్కడ రాత్రి నిద్రపట్టక రాస్తున్నాను. కారు ఇంజను, బోటు ఇంజను ఒకటే అనుకునేవాళ్లకు ఒక మాట. కారు 100లో పోతున్నప్పుడు ఇంజను మీద బరువు చాలా తక్కువ. బోటులో దిగుడు ఉండదు. మన్ననూరు నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మూడో గేరులో, పెడలు నేలకు తొక్కి, రోజంతా ఎక్కుతూనే ఉన్నట్టు. అందుకే ఆయిల్ సంపు పెద్దది కావాలి, బేరింగులు గట్టివి కావాలి. చివరి 20 హెచ్‌పీ కోసం పిండే ఇంజను ఇక్కడ ఎక్కువ రోజులు బతకదు. పది శాతం వదిలేసి కట్టించుకున్నది పదేళ్లు నడుస్తుంది.

స్టార్టరు, ఆల్టర్నేటరు తప్పనిసరిగా బోటు రకమే ఉండాలి, నిప్పురవ్వ బయటికి రానివి. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి అడుగున నిలుస్తుంది. స్టార్ట్ చేసే ముందు బ్లోయరు (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నాలుగైదు నిమిషాలు నడపాలి. ఇది హెచ్‌పీ కంటే ముందు నేర్చుకోవాల్సింది.

ఇంకో భయంకరమైన సంగతి. జెట్ బోటుకు చుక్కాని లేదు. నాజిల్ నుంచి నీళ్లు వస్తేనే తిరుగుతుంది. ఎదురుగా ఏదైనా కనబడితే మనిషి సహజంగా త్రాటిల్ వదిలేస్తాడు. వదిలాడా, స్టీరింగు చచ్చిపోతుంది, బోటు అదే దిశలో నేరుగా పోతుంది. తప్పించుకోవాలంటే కొంచెం త్రాటిల్ ఉంచి తిప్పాలి. మొదటి పది గంటలు ఖాళీ నీళ్లలో ఇదే సాధన చేయించు బావా.

పాలమూరు_పంపులు – ఆదివారం సాయంత్రం 6:15

ఇది నాకు కొత్త. బ్రేకు వేస్తే స్టీరింగు లాక్ అయ్యే బండి అన్నమాట.

లెక్కల_సార్ – ఆదివారం సాయంత్రం 7:00

మన ఎండ గురించి ఎవరూ అనలేదు. ఇంజన్ల హెచ్‌పీ సాధారణంగా 25 డిగ్రీల గాలికి చెబుతారు. మే నెల నల్లగొండలో 45 డిగ్రీలకు గాలి పలచబడి ఆరు శాతం దాకా తగ్గుతుంది. 260 కాస్తా 245 అవుతుంది. అలాంటప్పుడు నిండు త్రాటిల్ పరీక్ష పొద్దున ఆరింటికి చేస్తే ఒక అంకె, మధ్యాహ్నం చేస్తే ఇంకో అంకె. ఇంజను పాడైందని విప్పకండి.

పెట్రోలు కూడా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసింది. పాత కార్బురేటర్‌కు జెట్లు (పెట్రోలు వచ్చే చిన్న రంధ్రాలు) పెద్దవి వేయకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్లు వేడెక్కుతాయి. పాత రబ్బరు పైపులు కూడా మార్చాలి, ఇథనాల్ వాటిని తినేస్తుంది. నీళ్ల మీద ఉండే ట్యాంకు కాబట్టి ఇంకో ప్రమాదం: లోపలికి నీటి చెమ్మ ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగుతాయి. సీజను అయిపోయాక ట్యాంకు అలాగే వదిలేయకండి. ఎక్కువ కంప్రెషన్ ఇంజను అసలు వద్దు, మన మామూలు పెట్రోలుకు కొట్టుకుంటుంది.

కొత్తగా_చేరాను (నకిరేకల్) – ఆదివారం రాత్రి 8:10

ఉదయసముద్రంలో ట్రయల్ వేయొచ్చుగా? ఊరికి దగ్గర. రీల్ చేస్తే పిచ్చెక్కిపోతుంది.

నిర్వాహకుడు – ఆదివారం రాత్రి 8:14

పానగల్‌లోని ఆ ఉదయసముద్రం నీళ్లు నల్లగొండ తాగుతుంది తమ్ముడూ. అందులో ఆయిలు బోటు దించే మాట ఇక్కడ వద్దు. ఇంకొకటి, యాంత్రిక పడవలకు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021 కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి. సాగర్ ఒడ్డున పులుల అభయారణ్యం కూడా ఉంది. అనుమతుల ప్రశ్నలకు వేరే చర్చ తెరవండి, ఇక్కడ ఇంజను వరకే.

సోమశిల_పుట్టి (కొల్లాపూర్) – ఆదివారం రాత్రి 10:05

నాకు హెచ్‌పీలు తెలియవు. మా ఇంట్లో మూడు తరాలు కృష్ణలో వల వేసినవాళ్లం. సాగర్ అన్నావు, ఒకరోజు మా వైపు కూడా వస్తావు, అందుకే చెబుతున్నాను.

నీ బోటు నీళ్లు పీలుస్తుందంటున్నారు కదా. మా నీళ్లలో నీళ్లొక్కటే ఉండవు. సాయంత్రం వేసిన వలలు తెల్లారి తీస్తాం. గుర్తుకు థర్మాకోల్ ముక్కలు కట్టి ఉంటాయి, ఎండలో అవి కనబడవు. ఒక వల నీ పంపులో పడితే నీకు పంపు ఆగుతుంది, నాకు నెల సంపాదన పోతుంది.

శ్రీశైలం నీళ్లు 885 అడుగులు ఉన్నప్పుడు అంతా సముద్రంలా కనబడుతుంది. దిగినప్పుడు చూడు. మునిగిపోయిన ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు అడుగు లోతులో ఉంటాయి. సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో అయితే ఎక్కడ ఏముందో మాకే తెలియదు. పుట్టిలో మేము చేత్తో తడుముకుంటూ పోతాం. నువ్వు 80లో వస్తే?

ఇంకోటి, అల. పుట్టికి ముందూ వెనకా లేదు, అది పళ్లెం. పక్క నుంచి అల వస్తే తిరుగుతుంది, మనిషి పడతాడు. మా పుట్టి కనబడితే నెమ్మది చేయి.

ఎడారి_బావ – ఆదివారం రాత్రి 10:40

అన్నా, మీరు రాసింది ముఖ్యమైనది. బావా, ఇందులో ఒక మెలిక ఉంది. నెమ్మది అంటే సగం స్పీడు కాదు. బోటు నీళ్ల మీద తేలి పోతున్నప్పుడు అల చిన్నది. ఐడిల్‌లో ఇంకా చిన్నది. మధ్యలో ముక్కు పైకి లేచి వెనక కూరుకుపోయినప్పుడే అన్నిటికంటే పెద్ద అల వస్తుంది. పుట్టి దగ్గర సగం త్రాటిల్‌తో పోతే మర్యాద చేశానని నువ్వు అనుకుంటావు, ఆయన మునుగుతాడు. దూరంగానే పూర్తిగా ఐడిల్‌కు తెచ్చెయ్.

జెట్‌కు ప్రొపెల్లర్ లేదు కాబట్టి తక్కువ నీళ్లలో పోతుందని చెబుతారు, నిజమే. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన 1950ల్లో ఈ జెట్ తయారుచేసింది గులకరాళ్ల మీద పారే పలచటి నదుల కోసమే. కానీ తక్కువ నీళ్లలో స్పీడుగా పోతున్నప్పుడు తేలిపోతుంది. అక్కడ ఆపి మళ్లీ త్రాటిల్ ఇచ్చావంటే అడుగున ఉన్న ఇసుక, రాళ్లు అన్నీ పంపులోకి వస్తాయి.

పాలమూరు_పంపులు – ఆదివారం రాత్రి 11:15

ఇసుక మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సాగర్ తమ్మీ, పంపు పాతది అన్నావు. వేర్ రింగు చూశావా?

ఇంపెల్లర్ చుట్టూ ఒక రింగు ఉంటుంది. రెండింటి మధ్య సందు వెంట్రుకంత ఉండాలి. ఇసుక నీళ్లు తాగిన పంపులో ఆ సందు పెరుగుతుంది. అప్పుడు ముందుకు తోసిన నీళ్లు ఆ సందులోంచి వెనక్కి జారి మళ్లీ అదే నీళ్లు తిరుగుతుంటాయి. బోరుల్లో దీన్ని రోజూ చూస్తాను. రైతు వచ్చి మోటారు మారుద్దాం, పెద్దది వేద్దాం అంటాడు. పంపు విప్పితే ఇంపెల్లర్లు అరిగి ఉంటాయి. పెద్ద మోటారు అమ్మితే నాకు లాభమే కానీ నీళ్లు రావు.

మీ బోటులో అయితే ఇంజను బాగా తిరుగుతుంది, బోటు పోదు. క్లచ్ జారినట్టు. అప్పుడు సార్ లెక్కలన్నీ కూడా తప్పుతాయి.

ఎడారి_బావ – ఆదివారం రాత్రి 11:20

నేను పంపేటప్పుడు విప్పలేదు. ఒప్పుకుంటున్నాను. చేత్తో తిప్పితే ఫ్రీగా తిరిగింది, బాగుందనుకున్నాను.

పాలమూరు_పంపులు – ఆదివారం రాత్రి 11:22

ఫ్రీగా తిరగడమే అనుమానం అన్నా.

సాగర్‌గట్టు – సోమవారం రాత్రి 8:50

ఈ రోజు ముగ్గురం కూర్చుని పంపు విప్పాం. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేదు. మా వాడు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి రింగుకూ ఇంపెల్లర్‌కూ మధ్య పెట్టాడు. దూరింది. ఒకవైపు కాదు, చుట్టూ దూరింది.

ఇంపెల్లర్ రెక్కల అంచులు కూడా చీమలు కొరికినట్టు గుంటలు గుంటలుగా ఉన్నాయి.

పాలమూరు_పంపులు – సోమవారం రాత్రి 9:05

ఆ గుంటలు ఇసుకవి కావు. నీళ్లు చాలనప్పుడు రెక్క వెనక బుడగలు పుట్టి పగిలిపోతాయి, ఆ దెబ్బలు. ఇదివరకు దాని వెనక పెద్ద ఇంజను పెట్టి నిలబడ్డ చోటే నిండు త్రాటిల్ ఇచ్చి ఉంటారు. నీళ్లు పీల్చే చోట ఉండే గ్రిల్ దగ్గర చెత్త అడ్డుపడి, నీళ్లు అందకపోయినా అలాగే అవుతుంది.

బిగ్‌బ్లాక్_బాబు – సోమవారం రాత్రి 9:12

అంటే ఇంతకుముందు నాలాంటోడి చేతిలో ఉండేదన్నమాట.

లెక్కల_సార్ – సోమవారం రాత్రి 9:30

రూపాయి బిళ్ల మందం మిల్లీమీటరున్నర దగ్గర. చుట్టూ అంత సందు ఉంటే 320 పెట్టినా, కొత్త రింగు వేసిన 260తో ఓడిపోవచ్చు.

సాగర్‌గట్టు – సోమవారం రాత్రి 9:48

డబ్బు పెట్టేవాడు నా పక్కనే కూర్చుని ఇదంతా చదువుతున్నాడు, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. 5.7కే అడ్వాన్సు ఇస్తున్నాం. మిగిలిన డబ్బులో మొదట పంపు చేయిస్తాం. జడ్చర్ల అన్నా, రింగు మీ దగ్గర తయారవుతుందా? ఇంపెల్లర్ అంచులకు ఏం చేయాలి?

పాలమూరు_పంపులు – సోమవారం రాత్రి 10:10

రింగు గన్‌మెటల్‌లో పోయించి తిప్పి ఇస్తాను, అది పెద్ద పని కాదు. ఇంపెల్లర్ అల్యూమినియమా, బ్రాంజా చూడాలి. బ్రాంజ్ అయితే వెల్డింగు నింపి, కోసి, బ్యాలెన్స్ చేయొచ్చు. అల్యూమినియం అయితే నేను చేయి పెట్టను, బావగారు కొత్తది పంపాలి.

బుధవారం కరెంటు కోత ఉంది, గురువారం రా. షాఫ్టు, బేరింగు హౌసింగు కూడా పట్టుకురా. పంపు విప్పిన తర్వాత బేరింగు చూడకుండా మూస్తే మా నాన్న నన్ను తిట్టేవాడు.

సోమశిల_పుట్టి – సోమవారం రాత్రి 10:32

గురువారం నేనూ జడ్చర్ల వస్తున్నాను, వలకు తాడు కొనాలి. ఆ పంపు గ్రిల్ ఒకసారి చూపించండి. సందులు ఎంతున్నాయో చూస్తే మా వల పడుతుందో లేదో చెబుతాను.